వెన్నుపోటు నుంచి చాటుదెబ్బ దాకా: ఆటబల్ల మీద బాకు

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్రను మోస్తారు, తగిలిందా తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి. ఈ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పెద్దది డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఆయుధాల పట్టికలో బాకుది దాదాపు ఎప్పుడూ అట్టడుగు స్థానమే. అయినా బాకునే నమ్ముకున్న పాత్రను తయారుచేసుకునే ఆటగాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. వారిది ఉత్త మోజు అనుకోవడం పొరపాటు. బాకు బలం అలుగులో కాక అదనులో ఉంటుంది. ఆట నియమాలు ఈ సంగతి గుర్తించినప్పుడు ఆ పాత్ర బతికింది, మరిచినప్పుడు చితికింది. యాభై ఏళ్ల నియమ పుస్తకాలు దీనికి సాక్ష్యం.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన ‘చెయిన్‌మెయిల్’ యుద్ధక్రీడలో పొట్టి ఆయుధానికి ఒక గౌరవం ఉండేది. ఎదుటివాడిది బాగా పొడవైన ఆయుధమైతే, మీద పడ్డాక పొట్టి ఆయుధం పట్టినవాడికి అదనపు దెబ్బలు దక్కేవి. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బాకుకైనా రెండు చేతుల ఖడ్గానికైనా ఒకే ఆరు ముఖాల పాచిక. మరుసటి ఏడాది వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధం ఆయుధానికో పాచిక కేటాయించింది, బాకుకు నాలుగు ముఖాలది దక్కింది. దొంగ పాత్ర పుట్టిందీ, వెనకనుంచి పొడిస్తే నష్టం రెట్టింపయ్యే వెన్నుపోటు నియమం వచ్చిందీ ఆ పుస్తకంలోనే. చూడటానికి బాకుకు మంచిరోజులు వచ్చినట్టే ఉంటుంది, కానీ లెక్క తిరగబడింది. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ ప్రకారం పదమూడో స్థాయికి చేరిన దొంగ వెన్నుపోటుకు అయిదు రెట్లు. బాకు సగటు రెండున్నరను అయిదుతో హెచ్చిస్తే పన్నెండున్నర. అదే దొంగకు పొడుగు కత్తి పట్టే అనుమతీ ఉంది. దాని సగటు నాలుగున్నర, హెచ్చిస్తే ఇరవై రెండున్నర. హెచ్చవేత ఉన్నవాడికే మరింత పెట్టింది. దొంగ కోసం పుట్టిన నియమం దొంగ చేతిలోంచి బాకును లాగేసింది. ఆ కాలంలో బాకుతో నిలబడిన ఆటగాడు నియమాలకు ఎదురీది నిలబడినవాడే.

అసలు మలుపు 2000లో, మూడో కూర్పుతో వచ్చింది. వెన్నుపోటు హెచ్చవేత పోయి, చాటుదెబ్బ పేరుతో కూడిక వచ్చింది. అదను దొరికినప్పుడు ఆయుధం ఏదైనా దాని పాచికకు ఆరు ముఖాల పాచికలు తోడవుతాయి. తొమ్మిదో స్థాయిలో అవి అయిదు, సగటున పదిహేడున్నర. దానిముందు బాకుకూ పొడుగు కత్తికీ తేడా రెండు అంకెలు మాత్రమే. ఇంకా ముఖ్యమైనది, శత్రువు వీపు చూసే పని తప్పింది: స్నేహితుడు అవతలి పక్క నిలబడి శత్రువును నడుమ ఇరికిస్తే చాలు. 2008 నాటి నాలుగో కూర్పు దొంగజాతి పాత్ర బాకు పడితే గురిలో ఒక అంకె కలిపింది. 2014 కూర్పు ఇంకా సడలించి, శత్రువుకు అయిదడుగుల్లో మనవాడు ఒకడుంటే సరే అంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. బాకుకు బదులు రేపియర్ అనే సన్నకత్తి పడితే అదే చాటుదెబ్బ దక్కుతుంది, పైగా రెండంకెలు ఎక్కువ. మరి బాకు దేనికి? చాటుదెబ్బ ఒక వంతులో ఒక్కసారే పడుతుంది, అదీ దెబ్బ తగిలితేనే. పదింట ఆరుసార్లు తగిలే చేతికి సన్నకత్తితో ఒక్కటే అవకాశం. రెండు బాకులు పట్టినవాడికి కనీసం ఒకటి తగిలే అవకాశం నూటికి 84. శరీర సామర్థ్యం వల్ల వచ్చే అదనం పక్కనపెట్టి లెక్కిస్తే, తొమ్మిదో స్థాయిలో సన్నకత్తి సగటు పదమూడు, జంట బాకులది పదిహేడు దాటుతుంది. అవసరమైతే బాకును ఇరవై అడుగుల దూరానికి గురి తగ్గకుండా విసరవచ్చు కూడా. 2014లో రెండో బాకు దెబ్బకు తప్పుకునే, దాక్కునే వీలును వదులుకోవాల్సి వచ్చేది. 2024 నియమాలు ఆ రెండో దెబ్బను మొదటిదాంట్లోనే కలిపేసి ఆ వీలును తిరిగి ఇచ్చాయి. ఇప్పుడు అభ్యంతరానికి మిగిలిన బలం స్వల్పం.

రెండో అభ్యంతరం మన సంస్కారం నుంచి వస్తుంది: ఎదురు నిలిచి పోరాడే వీరులను కొలిచే నేలలో చాటున పొడిచేవాడు నాయకుడా? మన సాహిత్యం అంత ఇరుకైనది కాదు. దండి సంస్కృతంలో చెప్పగా పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేసిన దశకుమారుల కథలో అపహారవర్మ నాయకుల్లో ఒకడు, కన్నాలు వేసే దొంగ కూడా. దండి అతని సరంజామాలో తాడు, పట్టకారు, దీపాలార్పడానికి తుమ్మెదల పెట్టె దాకా పెట్టాడు. అక్కడ పాత్రను నడిపేది ఉపాయం. చరిత్ర వైపు చూస్తే కురవి కనిపిస్తుంది. నేడు వీరభద్రస్వామి క్షేత్రంగా పేరున్న ఆ ఊరు ఒకప్పుడు ముదిగొండ చాళుక్యుల కేంద్రం. వేంగి, రాష్ట్రకూట శక్తుల నడుమ నలిగిన చిన్న రాజ్యం వారిది. ఆ వంశపు బొట్టు బేతను కురవిలో నిలబెట్టినవాడు విరియాల ఎర్రభూపతి అని గూడూరు శాసనం చెబుతోంది. స్నేహితుడి అండతో పడే చాటుదెబ్బ లాగే, శత్రువు మీద పడింది ఎర్ర, రాజ్యం దక్కింది బేతకు. దాన్ని పిరికితనం అనలేం.

కాబట్టి బాకు పాత్రను కట్టుకునేవారు చురుకుదనానికి మొదటి పీట వెయ్యాలి. కండబలం ఆఖరున చూసుకోవచ్చు. రెండు చేతుల్లో రెండు బాకులు, విసరడానికి నడుములో మరికొన్ని ఉండాలి. నక్కడం, తాళాలు తియ్యడం, నాలుగు మాటలతో నమ్మించడం రావాలి. వీటన్నిటికంటే ముందు శత్రువుకు అడ్డంగా నిలబడే డాలు మనిషి జట్టులో ఉండాలి, లేకపోతే పై లెక్కలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. తెలుగులో ఇలాంటి ఆటలు నడిపేవారికి ఒక మనవి: విదేశీ కోటలను కాసేపు పక్కనపెట్టి పదో శతాబ్దపు కురవిలో ఒక కథ పెట్టండి, బాకు పట్టే బేతతోపాటు ఎర్ర పాత్రను కూడా ఒక మంచి ఆటగాడి చేతికివ్వండి.