గాడ్‌మన్ గగనమున తెల్లని వస్తువు

1948 జనవరి 7వ తేదీ మధ్యాహ్నము, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ఫోర్ట్ నాక్స్ సైనిక శిబిరము నానుకొనియున్న గాడ్‌మన్ విమానాశ్రయపు కంట్రోల్ టవరునకు, ఆకాశమున ఏదో పెద్ద గుండ్రని వస్తువు కనబడుచున్నదని పోలీసుల నుండి కబురు వచ్చెను. కొంతసేపటికి టవరులోని వారికిని అది అగుపించెను. స్థావరాధిపతి కర్నల్ గై హిక్స్ స్వయముగా దుర్భిణితో చూచియు, తెల్లని యా వస్తువేమో తేల్చుకొనలేకపోయెను.

అంతలో జార్జియా నుండి లూయివిల్‌కు పోవుచున్న నాలుగు మస్టాంగు యుద్ధవిమానములు అటుగా వచ్చినవి. వాని నాయకుడు కాప్టెన్ థామస్ మాంటెల్ ఇరువదియైదేండ్లవాడు, నార్మండీ దండయాత్రలో పాల్గొని పతకమందిన వైమానికుడు. ఆ వస్తువేమో చూచి రమ్మని టవరువారు ఆయనను కోరిరి. ఆక్సిజను లేనిదే 14,000 అడుగులు దాటరాదని నియమము. వెంట పైకెక్కినవారు ఇరువదిరెండువేల అడుగుల దరిదాపుల వెనుదిరిగిరి. ఆయన మాత్రము, ఎదుటనున్నది లోహమువలె మెరయుచున్నదనియు, మిక్కిలి పెద్దదనియు రేడియోలో చెప్పుచు, ఊపిరి చాలని యా యెత్తులోనికి ఎక్కుచునే పోయెను. ఫ్రాంక్లిన్ పట్టణ సమీపమున ఒక పొలములో విమానము కూలియుండగా, ఆయన చేతి గడియారము 3 గంటల 18 నిమిషములకు ఆగిపోయియుండెను.

ఎగిరే పళ్లెమే ఆయనను కూల్చినదను వదంతి దేశమెల్ల ప్రాకెను. ఇట్టి వార్తలను విచారించుటకు వైమానికదళము ‘ప్రాజెక్ట్ సైన్’ అను శాఖను నెలకొల్పవలెనని ఉత్తర్వు వెలువడి అప్పటికి ఎనిమిది దినములే యయ్యెను. ఓహియోలోని డేటన్ నగరమున కొలువుదీరిన ఆ శాఖవారు, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు అలెన్ హైనెక్ లెక్కల నాధారము చేసికొని, మాంటెల్ వెంబడించినది శుక్రగ్రహమే కావచ్చునని మొదట భావించిరి. దిక్కు ఇంచుమించు సరిపోయినమాట నిజమే. కాని పగటివేళ శుక్రుడు చోటెరిగి వెదకినవారికే అరుదుగా చిక్కు సూదిమొన వంటి చుక్క. అంతమంది కంటబడిన పెద్ద తెల్లని వస్తువునకు అది సమాధానము కానేరదు. యుద్ధమున రాటుదేలిన వైమానికుడు ఒక చుక్కను తరిమి ప్రాణము పోగొట్టుకొనెనని తేల్చుట ఆయన కన్యాయము చేయుటయేయని నా తలంపు.

అసలు సంగతి నౌకాదళపు గుట్టులో నుండెను. విశ్వకిరణ పరిశోధనకై వారు ‘స్కైహుక్’ అను పాలిథీన్ బెలూనులను రహస్యముగా ఎగురవేయుచుండిరి. నూరడుగుల వెడల్పు గలిగి, మస్టాంగు అందుకొనజాలని యెత్తున ఎండకు మెరయునవి. (దరిమిలా మన హైదరాబాదు నుండి టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఎగురవేసినవి ఆ జాతి బెలూనులే.) నౌకాదళము దాచినదానిని వైమానికదళము గ్రహములలో వెదకుచుండెను, విచారణాధికారుల కా బెలూనుల జాడయే తెలియదు. మూడు నాలుగేండ్లకు ఈ శాఖ పగ్గములు చేపట్టిన కాప్టెన్ ఎడ్వర్డ్ రపెల్ట్ పాత కాగితములు తిరుగవేయగా, ఆనాడే నాష్‌విల్‌లో ఖగోళశాస్త్రజ్ఞుడు కార్ల్ సీఫర్ట్ దుర్భిణితో చూచి, త్రాళ్లును బుట్టయును వ్రేలాడు బెలూనని చెప్పినమాట బయటపడెను. ఆనాడు ఎగురవేసిన బెలూను దస్త్రము మాత్రము రపెల్ట్‌నకు దొరకనేలేదు.

‘బ్లూ బుక్’ అను పేర కొనసాగిన ఆ విచారణను 1969 డిసెంబరు 17న మూసివేసిరి. అప్పటికి చేరిన వార్తలు 12,618. వానిలో 701 తేలక మిగిలిపోయినవి. మాంటెల్ పేర ఫ్రాంక్లిన్‌లో నేడొక స్మారకఫలకము నిలిచియున్నది.