దుమ్ముగూడెం ఆనకట్ట - 1860 ఒప్పందం: హైదరాబాదు రాజ్యవిధానంపై ఒక పరిశీలన

పొరుగు రాజ్యం ఆర్థికంగా బలపడుతున్నప్పుడు బలహీన రాజ్యం దేనిని వదులుకొని దేనిని నిలుపుకొంటుంది? గోదావరి ఎడమ గట్టునున్న దుమ్ముగూడెం చరిత్రలో ఈ ప్రశ్నకు ఒక సమాధానం లభిస్తుంది. అక్కడి ఆనకట్టను సాధారణంగా ఆర్థర్ కాటన్ నౌకాయాన పథకంలో భాగంగానే పేర్కొంటారు. హైదరాబాదు రాజ్యం చేసుకొన్న సర్దుబాటుకు సాక్ష్యంగా దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాగా, కంపెనీ పాలనలోని గోదావరి డెల్టా సంపన్నమయింది. 1853 ఒప్పందంతో బీరారు కంపెనీ నిర్వహణలోకి వెళ్లింది. బీరారు పత్తిని నదిమీదుగా కాకినాడ రేవుకు చేర్చాలన్నది కాటన్ సంకల్పం. అందుకు అడ్డుగా నిలిచిన మూడు శిలామయ ప్రాంతాలలో మొదటిది దుమ్ముగూడెం. ఆ గట్టు అప్పటికి నిజాముదే.

దివాను సాలార్‌జంగు కాలంలో, 1860 ఒప్పందం ద్వారా రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గం ప్రాంతం నిజాముకు తిరిగివచ్చాయి; సురపురం కూడా దక్కింది; యాభై లక్షల రూపాయల ఋణం రద్దయింది. ప్రతిగా భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ తాలూకాలు బ్రిటిషువారి వశమయ్యాయి. సరిహద్దు నదిపై సాగే సరకులకు సుంకం విధించరాదని ఉభయులూ అంగీకరించారు. అడవిసీమనిచ్చి సాగుభూములు పొందడం లాభంగానే కనిపిస్తుంది. కాని సుంకాన్ని వదులుకోవడమంటే పొరుగువారి ఎదుగుదలలో తన వాటాను వదులుకోవడమే.

అమెరికా అంతర్యుద్ధం (1861-65) పత్తికి గిరాకీ పెంచినా, 1867లో రైలు నాగపూరు చేరడంతో నదీమార్గం ప్రాధాన్యం తగ్గింది. 1871లో పనులు నిలిచిపోయాయి. అదే ఏడు ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలు బయటపడ్డాయి. 1874లో వాడి-సికింద్రాబాదు రైలుమార్గం నిజాము ధనంతో నడకకు వచ్చింది. అందులో బ్రిటిషు ఒత్తిడి లేదనలేము. అయినా ఈసారి మార్గం నిర్మాణంలో హైదరాబాదు పెట్టుబడిదారుగా నిలిచింది. 1860కీ 1874కీ మధ్యనున్న ఈ తేడాయే గమనార్హం.

వర్తకం కోసం గీసిన గీత మాత్రం వర్తకం రాకపోయినా చెరగలేదు. భద్రాచలం ప్రాంతం 1874లో మధ్యరాష్ట్రాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మం జిల్లాకు మారింది. ఇచ్చినవారూ పుచ్చుకొన్నవారూ లెక్కలు తేల్చుకొన్నారు. ఆ అడవిలోని కోయల అభిప్రాయానికి ఒప్పందంలో చోటు లేదు. పొరుగు ఎదుగుదలకు చేసుకొనే సర్దుబాటు మూల్యాన్ని తరచు సరిహద్దు ప్రజలే చెల్లిస్తారని దుమ్ముగూడెం నిరూపిస్తున్నది.