రూపం నిలబడ్డాకే వచ్చిన టీకా

1966లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 31 మంది పసిపిల్లలకు ఒక కొత్త టీకా వేశారు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి తయారుచేసిన టీకా అది. అదే పద్ధతిలో చేసిన సాల్క్ పోలియో టీకా 1955లోనే విజయం సాధించింది కనుక ఆ దారినే నడిచారు. ఆ చలికాలం 20 మందికి ఆర్‌ఎస్‌వీ సోకింది. వారిలో 16 మంది ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. ఈ టీకా పడని పిల్లల్లో, వైరస్ సోకినా ఆస్పత్రిదాకా వెళ్లినవారు నూటికి అయిదుగురే.

పిల్లల డాక్టరుగా ఈ లెక్క చదివినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఆర్‌ఎస్‌వీ ముదిరిన బిడ్డకు ముక్కుపుటాలు అదురుతాయి, ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోతుంది, రెండు గుక్కలు తాగి పాలు వదిలేస్తుంది. "డొక్కలెగరేస్తోందండీ" అంటారు తల్లులు. కాపాడాల్సిన టీకాయే ఆ ఆయాసాన్ని పెంచితే అంతకన్నా ఘోరం ఏముంటుంది? ఆ దెబ్బతో ఆర్‌ఎస్‌వీ టీకా పని దశాబ్దాలపాటు వెనకబడింది.

ఎందుకలా జరిగింది? ఆర్‌ఎస్‌వీ ఒంటిమీద ఎఫ్ అనే ప్రొటీన్ ఉంటుంది. మన కణంలోకి చొరబడే ముందు అది అదిమిపెట్టిన స్ప్రింగులా ఉంటుంది. ఒక్కసారి విడిపోయి సాగిందా, ఇక వెనక్కి రాదు. వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు పట్టుకునే చోటు విడిపోని రూపం కొసన ఉంది. సాగితే ఆ చోటే మాయం. ఫార్మలిన్ టీకాలో ఉన్నవి చాలావరకు సాగిపోయిన ప్రొటీన్లే. పిల్లల్లో పుట్టిన యాంటీబాడీలు వైరస్‌కు అతుక్కున్నాయే కానీ ఆపలేకపోయాయి. ఆనాటి విషాదానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

2013లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలోని బార్నీ గ్రాహం, పీటర్ క్వాంగ్, జేసన్ మెక్‌లెల్లన్ బృందం ఆ ప్రొటీన్‌ను విడిపోకుండా బిగించింది. 574 అమైనో ఆమ్లాల గొలుసులో మార్చింది నాలుగే. 155, 290 స్థానాల్లో సెరిన్ తీసి సిస్టీన్ పెట్టారు. వాటిలోని గంధకం పరమాణువుల మధ్య బంధం ఏర్పడింది. 190, 207 దగ్గర లోపలి గుంటలను కాస్త పెద్ద అమైనో ఆమ్లాలతో పూడ్చారు. ఇంత పొదుపైన పనితనం వైద్యచరిత్రలో అరుదని నా నమ్మకం.

ఆ ఆలోచనే కరోనా వైరస్‌లకూ పనికొచ్చింది. మెర్స్ అనే కరోనా వైరస్ ఒంటిమీది స్పైక్ ప్రొటీన్‌లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని రెండు చోట్ల పెట్టి నిలబెట్టే పద్ధతి 2017లోనే ప్రచురితమైంది. 2020 జనవరిలో కోవిడ్ వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే 986, 987 స్థానాల్లో అదే మార్పు చేశారు. ఫైజర్, మోడెర్నా టీకాలు అలా వచ్చినవే. మనలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్‌లో మాత్రం ఈ మార్పు లేదు.

విడిపోకుండా నిలబెట్టిన ఎఫ్ ప్రొటీన్‌తో చేసిన ఆర్‌ఎస్‌వీ టీకాలకు అమెరికాలో అనుమతి దొరికింది 2023లో. వాటిలో ఒకటి గర్భిణులకు వేసేది. తల్లి యాంటీబాడీలే పుట్టబోయే బిడ్డకు కాపలా. ఈ వైరస్‌తో చనిపోయే అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 97 మంది మనలాంటి పేద, మధ్య ఆదాయ దేశాలవారే. కాబట్టి ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే: గర్భిణులకు వేసే ఈ టీకా ధర దించండి, వారికి ధనుర్వాతం టీకా వేసినట్టే దీన్నీ ఉచితంగా వేయించండి.