భావోద్వేగపు తిండి

ఆకలి లేకున్నా దిగులు, కోపం, విసుగు, ఒంటరితనం వంటివాటిని మరిచేందుకు తినే అలవాటు. ఇది దానికదే జబ్బు కాదు.

కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, పెరుగన్నమైనా చాలంటుంది. మనసు ఆకలి ఉన్నపళంగా వచ్చి మిక్చరో చాక్లెట్టో కావాలని మారాం చేస్తుంది. పొట్ట నిండినా ఆగదు. ఒత్తిడి ఎక్కువ రోజులు సాగితే కార్టిసాల్ హార్మోన్ పెరిగి తీపి, కొవ్వు పదార్థాలపైకి మనసు లాగుతుంది.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవైద్యురాలు హిల్డే బ్రూక్ దీని మూలాలను పసితనంలో వెతికింది. బిడ్డ ఎందుకు ఏడ్చినా తిండే పెడితే, ఆకలికీ ఇతర బాధలకూ తేడా తెలియకుండా పోతుందన్నది ఆమె వాదన. (ఏడుపు ఆపడానికి బిస్కెట్ ఇవ్వని ఇల్లు మనకెంత అరుదో!) 1986లో నెదర్లాండ్స్‌కు చెందిన తత్యానా వాన్ స్ట్రీన్ బృందం భావోద్వేగపు తిండితో పాటు ఇతర తినే తీరులనూ కొలిచేందుకు 33 ప్రశ్నల పట్టిక తయారుచేసింది.

ఈ అలవాటు మానాలని నోరు కట్టుకోవడం తరచూ బెడిసికొడుతుంది. వేళకు భోజనం, చాలినంత నిద్ర, చిరుతిండి పొట్లం కంటికి కనబడకుండా పెట్టడం మేలు. తిన్నదాని పక్కన అప్పటి మనఃస్థితినీ రాసుకుంటే ఏ గంటలో, ఏ గొడవ తర్వాత చెయ్యి డబ్బాలోకి వెళ్తోందో బయటపడుతుంది. అప్పుడు నడకో, స్నేహితుడికి ఫోనో ప్రయత్నించవచ్చు.

మూడు నెలలుగా వారానికోసారైనా అదుపు తప్పి అతిగా తింటూ కుమిలిపోతుంటే వైద్యుణ్ణి కలవాలి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అలాంటివారికి ఉపయోగపడుతుంది.