నడిగడ్డలో అలంపురం: ఎల్ల ఏ నది?

ఇబ్రహీంపట్నం నుండి అలంపురం వెళ్లేవారు బీచుపల్లి వద్ద కృష్ణను దాటుతారు. అక్కడి నుండి నడిగడ్డ. అదే జాతీయ రహదారి మీద ఇంకా ముందుకు పోతే పుల్లూరు, ఆపైన తుంగభద్ర, దాని ఆవల ఆంధ్రప్రదేశ్. ఈ రెండు నదుల నడుమ, తుంగభద్ర ఎడమగట్టున ఉన్న చిన్న పట్టణం అలంపురం. స్నాతకోత్తర విద్యార్థులతో కలిసి అక్కడికి వెళ్లినప్పుడు బాలబ్రహ్మ ఆలయ ప్రాంగణంలో ఒక విద్యార్థిని వేసిన ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రేరణ: “సార్, కట్టించింది బాదామి చాళుక్యులు, జనం సంతకు పోయేది కర్నూలుకు, జిల్లా చూస్తే తెలంగాణ. దీన్ని ఎవరి చరిత్రలో రాయాలి?”

ప్రశ్న సహజమైనదే. అయితే అది సరిహద్దును స్థిరమైన గీతగా భావిస్తుంది. రాయచూరు అంతర్వేది కోసం విజయనగర, బహమనీ రాజ్యాలు తరాల తరబడి పోరాడాయి. ఒకరికి ఎల్ల కృష్ణ, మరొకరికి తుంగభద్ర. మా ఊరికి పేరునిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–80) కూడా ఈ నదులు దాటినవాడే. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్లు గడిపాడు. తెలుగు కవుల చేత ‘మల్కిభరాము’డనిపించుకున్న ఆ రాజే 1565లో అదే రామరాయలపై యుద్ధానికి నడిచాడు. సరిహద్దు అంటే గోడ అనుకునేవారికి ఈ రాకపోకలు అర్థం కావు.

1800లో నిజాం తుంగభద్రకు దక్షిణాన ఉన్న సీమలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో నది పాలనాపరమైన ఎల్లగా స్థిరపడింది. అలంపురం నిజాం రాజ్యంలో రాయచూరు జిల్లాకు చెందగా, కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయినప్పుడు, పాతిక కిలోమీటర్ల దూరంలోని అలంపురం పరాయి రాష్ట్రంలోనే ఉంది. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి పోగా, అలంపురం, గద్వాల తాలూకాలను మాత్రం విడదీసి మహబూబ్‌నగర్‌లో కలిపారు. 2014 జూన్ 2న తుంగభద్ర మళ్లీ రాష్ట్రాల ఎల్ల అయింది. పోలండ్‌లోని చెషిన్ పట్టణాన్ని 1920లో ఓల్జా నది వెంబడి రెండు దేశాలకు పంచారు. అలంపురాన్ని ఎవరూ చీల్చలేదు. దాని బతుకుతెరువు ఒక గట్టున, దాని కాగితాలు మరొక గట్టున ఉండిపోయాయి.

ఆలయాలు మాత్రం ఈ పంపకాలకు పూర్వపువి. ఏడు, ఎనిమిది శతాబ్దాల నవబ్రహ్మ ఆలయాలలో పేరుకు బ్రహ్మ ఉన్నా కొలువైనది శివుడే. వాటి రేఖానాగర శిఖరాలు ఉత్తరాది పద్ధతిని తుంగభద్ర తీరాన నిలిపాయి. శ్రీశైలానికి అలంపురం పశ్చిమద్వారం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఈ నాలుగు ద్వారాలలో రెండు నేడు తెలంగాణలో, రెండు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. యాత్రికుల భూగోళానికి కలెక్టరేట్ల పటంతో పొంతన లేదు.

కర్నూలు పేరును గురించిన జనశ్రుతి ఇక్కడ ప్రస్తావించదగినది. అలంపురం గుడులకు రాళ్లు మోసుకువచ్చే బండ్లు నది దాటేముందు అక్కడ ఆగి, చక్రాలకు కందెన వేసుకునేవట. అందువల్ల అది ‘కందనవోలు’ అయిందట. వ్యుత్పత్తిగా దీన్ని నేను నమ్మను. లోకనిరుక్తి అనే అనుకుంటాను. కానీ ఒక నగరం తన పుట్టుకను ఆవలిగట్టు గుడి పనిలో వెదుక్కోవడం చరిత్రకారునికి చిన్న సాక్ష్యం కాదు. ఆ రెండు ఊళ్లను జనం ఒకే బండిబాటగా తలచారు.

సాహిత్యచరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగాయి. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ హాజరయ్యారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఈ సభలలోనే. వరంగల్లు కవి గ్రంథాన్ని విశాఖ కవి ఆవిష్కరించడానికి వేదికైన ఊరు, అప్పటికి రాయచూరు జిల్లాలోనిది! ఆ ఊరిని తన కార్యక్షేత్రం చేసుకుని దాని శాసనాలను, శిల్పాలను పరిశోధించిన గడియారం రామకృష్ణశర్మ ఆత్మకథ ‘శతపత్రము’కు మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఈ సభలను నేడు ప్రాంతాలవారీ సాహిత్యచరిత్రలలో ఒక ఖానాలో వేసి ముగించడం తేలిక, కాని అన్యాయం.

ఊరిని నిజంగా కదిలించినది రాష్ట్రాల పునర్విభజన కాదు, శ్రీశైలం జలాశయం. ముంపు భయంతో పాపనాశి ఆలయాలను, కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాయి రాయి తరలించి అలంపురం వద్ద తిరిగి పేర్చారు. ఇంజనీర్ల శ్రమ ఘనమైనదే. అయినా సంగమేశ్వరాలయం ముందు నిలబడినప్పుడు మనసు ఒప్పుకోలేదు. అధిష్ఠానం ఉంది, గోడల మీద శిల్పం ఉంది, సంగమం లేదు. పేరుకు అర్థమిచ్చిన నీళ్లు పేరునే స్థానభ్రంశం చేశాయి. 2009 అక్టోబరు వరదలలో తుంగభద్ర కర్నూలునూ అలంపురాన్నీ కలిపే ముంచింది.

అందుచేత అలంపురంపై పరిశోధించేవారు జిల్లాను కాక రేవును ప్రమాణంగా తీసుకోవాలని నా ప్రతిపాదన. అంటే రాయచూరు, మహబూబ్‌నగర్, కర్నూలు అనే మూడు పాలనాకేంద్రాల దస్త్రాలను ఒకచోట పెట్టుకుని చదవాలి. రేవు దాటిన యాత్రికుల, బండ్లవారి, పడవవారి జ్ఞాపకాలను రెండు గట్లా సేకరించాలి. ఆ విద్యార్థిని ఇప్పుడు కూడవెల్లి నుండి తరలివచ్చిన కుటుంబాల మౌఖిక కథనాలను లఘుపరిశోధనకు ఎంచుకుంది. సిద్ధాంతవ్యాసం శీర్షికలో ప్రాంతం పేరు రాయాల్సిన చోట ఆమె ‘నడిగడ్డ’ అని రాసింది. నేను దిద్దలేదు.