శారీరక సంబంధం లేకున్నా సుఖవ్యాధులు వస్తాయా? ‘పాజిటివ్’ రిపోర్ట్ చూసి గొడవకు దిగే ముందు ఇవి తెలుసుకోండి!

ఆపరేషన్‌కు ముందో, కడుపుతో ఉన్నప్పుడో, రక్తదానం చేసినప్పుడో రక్తపరీక్ష చేస్తారు. రిపోర్ట్‌లో ‘పాజిటివ్’ అని వస్తుంది. ఇక ఇంట్లో మొదలయ్యే ప్రశ్న ఒక్కటే.. ‘ఎవరితో తిరిగావ్?’ ఆ ఒక్క కాగితంతో భార్యను పుట్టింటికి పంపేసేవాళ్లు ఉన్నారు. భర్త ముఖం చూడనని తేల్చి చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ రిపోర్ట్ చెప్పేది ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లు తేలిందని మాత్రమే. అది ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అనేది అందులో ఎక్కడా ఉండదు.

హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్, హెర్పిస్.. వీటన్నింటినీ లైంగిక వ్యాధుల లిస్టులోనే వేస్తారు. లైంగికంగా వ్యాపిస్తాయన్నది నిజమే. కానీ అదొక్కటే దారి కాదు. రక్తం, సూది, తల్లి గర్భం, ప్రసవం, తల్లిపాలు, కొన్నిసార్లు ఒక ముద్దు కూడా దారి కావచ్చు. అసలు ‘సుఖవ్యాధి’ అన్న పేరే సగం గొడవకు కారణం.

తల్లికి నెగిటివ్.. బిడ్డకు పాజిటివ్!

పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం, లార్కానా జిల్లాలో రతోదేరో అనే ఊరుంది. 2019 ఏప్రిల్‌లో అక్కడ జ్వరం ఎంతకీ తగ్గని చిన్నపిల్లలకు టెస్టులు చేయిస్తే హెచ్‌ఐవీ అని తేలింది. క్యాంపులు పెట్టి ఊరంతా పరీక్షలు చేశారు. కొన్ని నెలల్లోనే 800 మందికి పైగా పాజిటివ్‌గా బయటపడ్డారు. అందులో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు 15 ఏళ్లలోపు పిల్లలే. వాళ్ల తల్లుల్లో ఎక్కువమందికి నెగిటివ్ వచ్చింది. అంటే తల్లి నుంచి రాలేదు. మరి ఎలా వచ్చింది? వాడిన సిరంజినే మళ్లీ వాడటం, శుభ్రంగా లేని సెలైన్ సెట్లు, అవసరం లేకున్నా ఇంజెక్షన్లు పొడవటం వంటివే ప్రధాన కారణాలని దర్యాప్తులో తేలింది.

ఇది ఒక్కచోట జరిగింది కాదు. కాంబోడియాలోని రోకా గ్రామంలో 2014 చివర్లో 200 మందికి పైగా ఇలాగే హెచ్‌ఐవీ బారిన పడ్డారు. లైసెన్స్ లేకుండా వైద్యం చేసిన వ్యక్తికి అక్కడి కోర్టు 25 ఏళ్ల జైలుశిక్ష వేసింది. మన దేశంలో యూపీలోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మౌలో 2018లో పదుల సంఖ్యలో కేసులు బయటపడ్డాయి. ఒకే సిరంజిని చాలామందికి వాడాడన్న ఆరోపణలపై నకిలీ డాక్టర్‌ను పోలీసులు అరెస్ట్ చేశారు. జ్వరం వస్తే ‘ఒక సూది వేసెయ్ డాక్టరూ’ అని మనమే అడిగే అలవాటు మన ఊళ్లలోనూ ఉంది. సూది వేయించుకోక తప్పకపోతే, సిరంజి ప్యాకెట్‌ను మీ ముందే చించమని అడగండి. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ వద్దు.

రేజర్‌తో జాగ్రత్త

హెపటైటిస్-బి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించనంత రక్తం అంటినా చాలు. ఒకే రేజర్, ఒకే టూత్‌బ్రష్, ఒకే నెయిల్ కట్టర్ ఇంటిల్లిపాదీ వాడితే రిస్కే. సెలూన్‌లో బ్లేడ్ మార్చకపోయినా, జాతరలో ఒకే సూదితో అందరికీ పచ్చబొట్టు వేసినా అంతే. పుట్టినప్పుడు తల్లి నుంచి ఈ వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది 5 శాతం లోపే. అందుకే పెళ్లయ్యాక బయటపడిన హెపటైటిస్-బి, పెళ్లికి పాతికేళ్ల ముందే ఒంట్లోకి వచ్చి ఉండొచ్చు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా వేయించాలని చెప్పేది ఇందుకే.

ఇక పెదవి పక్కన వచ్చే నీటి పొక్కులు. దీనికి కారణం హెర్పిస్ వైరస్‌లో మొదటి రకం. చాలామందికి ఇది చిన్నప్పుడే పెద్దల ముద్దుల ద్వారా, లాలాజలం ద్వారా అంటుకుంటుంది. పెద్దల్లో మామూలుగా వారం పది రోజుల్లో మానిపోతుంది. అప్పుడే పుట్టిన పసికందుకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. పొక్కులు ఉన్నప్పుడు పిల్లల్ని ముద్దాడొద్దు, అది మేనత్తయినా తాతయ్యయినా సరే.

గర్భిణులకు టెస్ట్ ఎందుకు?

తల్లికి హెచ్‌ఐవీ ఉండి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు సరిగ్గా వాడితే 5 శాతం లోపునకు తగ్గించవచ్చు. సిఫిలిస్‌కైతే సమయానికి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ టెస్ట్ కొన్నిసార్లు జబ్బు లేకున్నా పాజిటివ్ చూపిస్తుంది. గర్భంతో ఉన్నా, లూపస్ లాంటి జబ్బులున్నా, మలేరియా వచ్చినా ఇలా జరగొచ్చు. టీపీహెచ్‌ఏ లాంటి రెండో టెస్ట్ చేయించకుండా ఒక నిర్ణయానికి రావొద్దు.

వీటి వల్ల హెచ్‌ఐవీ రాదు

దోమ కుట్టినా, ఒకే కంచంలో తిన్నా, టాయిలెట్ సీటు మీద కూర్చున్నా, షేక్‌హ్యాండ్ ఇచ్చినా, స్విమ్మింగ్ పూల్‌లో దిగినా హెచ్‌ఐవీ రాదు. అలాగని దీన్ని తప్పించుకునే సాకుగానూ వాడుకోవద్దు. పెద్దవాళ్లలో గనేరియా, క్లమీడియా దాదాపు ఎప్పుడూ లైంగికంగానే వస్తాయి. ‘టాయిలెట్ నుంచి అంటుకుంది’ అంటే డాక్టర్లు నమ్మరు. మూత్రంలో మంట, దురద వచ్చినంత మాత్రాన అది సుఖవ్యాధే అనుకోవడమూ పొరపాటే. యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఫంగస్ కూడా కావచ్చు.

రిపోర్ట్ చేతికొస్తే ఏం చేయాలి?

ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. ఒక్క టెస్ట్‌తో తేల్చేయరు, వేర్వేరు కిట్లతో మళ్లీ చూస్తారు. భార్యాభర్తలిద్దరూ చేయించుకోవాలి. ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగిటివ్ వచ్చే జంటలూ ఉంటాయి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే, వివక్ష చూపడం నిషేధం. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబర్ 1097కు కాల్ చేయొచ్చు. వాడిన సూది పొరపాటున గుచ్చుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులను 72 గంటల్లోపే మొదలుపెట్టి, 28 రోజులు వాడాల్సి ఉంటుంది.