తిరుమల పుష్పకైంకర్యమును కుండీమొక్కల పెంపకమును

శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీరంగమునకు భోగమండపమనియు, కాంచికి త్యాగమండపమనియు, తిరుమలకుఁ బుష్పమండపమనియుఁ బేరులు గలవు. పువ్వులచేఁ బేరొందిన యీ కొండ క్రింద, తిరుపతి చిత్తూరు ప్రాంతములందు నేఁడు ఇంటింటను, అంగడివీథులందును కుండీలలోఁ బెంచిన పూలమొక్కలు కానవచ్చుచున్నవి. కుండీ మొక్క పాశ్చాత్యుల వలన వచ్చిన వేడుకయని పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు నిజము? మన పూర్వుల తోఁటపని నేఁటి కుండీ పెంపకమునకు నేర్పఁగల పాఠమేమైనఁ గలదా? ఈ రెండు ప్రశ్నలను విమర్శించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట ఐతిహ్యములను జూతము. రంగదాసుఁడను భక్తుఁడు వేంకటాద్రిపైఁ బూలతోఁటను వేసి, దానికై బావిని త్రవ్వెననియు, అతఁడే మఱుజన్మమునఁ దొండమాన్ చక్రవర్తి యయ్యెననియు స్థలమాహాత్మ్యము చెప్పుచున్నది. రెండవ కథ అనంతాళ్వారులది. కొండపై నివసించి స్వామికిఁ బుష్పకైంకర్యము చేయుట కెవరు పోఁగలరని రామానుజాచార్యులు శిష్యుల నడిగినప్పుడు, ఆ చలికిని అడవికిని వెఱవక అనంతాళ్వారులు ముందునకు వచ్చిరఁట. తోఁటకు నీరు కావలెను గనుక వారు చెఱువు త్రవ్వ నారంభించిరి. గర్భవతియగు భార్య మట్టి మోయుచుండఁగా, సాయము చేయ వచ్చిన బాలుని వారు కోపించి గునపముతోఁ గొట్టిరనియు, ఆ గాయము స్వామి గడ్డమునఁ గానవచ్చెననియుఁ గథ. ఆ గునపమని చెప్పఁబడునది నేఁటికిని ఆలయ మహాద్వారము కడ వ్రేలాడుచున్నది.

ఈ కథలను జరిత్రగాఁ గైకొనవలయునని నా వాదము కాదు. అయినను రెండింటను ఒక విషయము సమానముగా నున్నది. రంగదాసుఁడు బావిని త్రవ్వెను. అనంతాళ్వారులు చెఱువును త్రవ్విరి. మొక్కకంటె ముందు నీటిని గుఱించి యోజింపవలెనన్న యెఱుక కథకులకుఁ గలదు. దేవుని గడ్డమునకు గాయము చేసిన గునపమును ద్వారముకడ నుంచి గౌరవించుట, తోఁటపనివాని పనిముట్టునకు మన దేశమున దక్కిన అరుదైన మన్నన.

ఇఁక శాసనములు. 966వ సంవత్సరమునఁ బల్లవరాణి సామవై వెండి విగ్రహమును సమర్పించి, దాని యర్చనకై భూముల నిచ్చెను. కైంకర్యము నిలుచుటకు నేల యాధారమని యీ దానము తెలుపుచున్నది. తిరుమల శాసనములలోఁ బెక్కు అరవభాషలో నున్నవి. వానియందుఁ బూలతోఁటకుఁ దిరునందవనమని పేరు. 15వ శతాబ్దమున, చంద్రగిరి నుండి యేలిన సాళువ నరసింహుని కాలమున, కందాడై రామానుజయ్యంగారు రామానుజకూటముల పర్యవేక్షకులుగాఁ గనఁబడుదురు. వారి శిష్యులగు సాత్తాద శ్రీవైష్ణవులు నందనవనములను బెంచి మాలలు కట్టి యిచ్చుచుండిరి. తోఁటకు మాలికి జీవనము నేర్పఱుచుట ఆనాఁటి వ్యవస్థ. మాలికి గ్రాసము లేనిచోఁ దోఁట రెండేండ్లకు మించి నిలువదు. ఇది నేఁటి నర్సరీల విషయమునను సత్యమే.

ఇచట నొక పదమును విమర్శింపవలసి యున్నది. బ్రహ్మోత్సవములు ముగిసిన మఱునాఁడు స్వామి అనంతాళ్వారుల తోఁటకు విచ్చేయుట నేఁటికిని జరుగుచున్నది. దానిని ‘బాగ్ సవారి’ యందురు. బాగ్ యనఁగాఁ దోఁట; సవారి యనఁగా వాహనముపై వెడలుట. రెండును పారసీకమునుండి హిందుస్థానీ ద్వారా వచ్చిన మాటలు. ఆలయ నిర్వహణము 1843 మొదలు 1933 వఱకు ఉత్తరదేశ సంప్రదాయమునకుఁ జెందిన హాథీరాంజీ మఠ మహంతుల చేతిలో నుండెను. అంతకుముందు ఆర్కాటు నవాబుల యధికారము కలదు. కథ పాతదైనను, పేరు మాత్ర మీ యర్వాచీన కాలములదని యూహించుట సమంజసము.

కుండీ విషయమునకు వత్తము. నేలనుండి వేఱుచేసిన మంటిలో విత్తును మొలిపించుట మన యాగమములందుఁ బ్రాచీనము. ఉత్సవారంభమునకు ముందు జరుగు అంకురార్పణమునకై పాలిక, ఘటిక, శరావము అను మంటి పాత్రములను ఆగమములు పేర్కొనుచున్నవి. తిరుమలయందు బ్రహ్మోత్సవములకు ముందటి రాత్రి విష్వక్సేనుఁడు ఊరేఁగింపుగాఁ బోవఁగా, మృత్సంగ్రహణము చేసి, ఆ మంటిని బాలికలలో నింపి నవధాన్యములు చల్లుదురు. మన పెండ్లిండ్లలోని పాలికలును ఈ సంప్రదాయములోనివే. ఇంటి పెరటిలోని తులసికోటయు నేలపైఁ గట్టిన కుండీయే కదా. వరాహమిహిరుఁడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమునఁ జెట్టును ఒకచోటినుండి వేఱొకచోటికి మార్చునప్పుడు నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, పాలు, పేడ మున్నగువానిని బూయుమని విధించెను. సురపాలుని వృక్షాయుర్వేదము 1996లో సికిందరాబాదునుండి ప్రకటితమైనది. అందుఁ జెప్పిన కుణపజలము పులియఁబెట్టిన ద్రవపుటెరువు.

ఇతర దేశములందును ఈ విద్య పురాతనమే. ఐగుప్తమున హత్షెప్సుత్ రాణి పుంటు దేశమునుండి ధూపవృక్షములను బుట్టలలోఁ దెప్పించిన దృశ్యము దేర్ ఎల్ బహరీ యాలయపు గోడలపై క్రీ. పూ. 15వ శతాబ్దమునఁ జెక్కఁబడినది. లండనులో వైద్యుఁడగు వార్డు 1829 ప్రాంతమున మూసిన గాజుసీసాలో ఫెర్ను మొలచుట గమనించి గాజుపెట్టెలను జేయించి, 1833లో వానిలో మొక్కలను సిడ్నీకిఁ బంపెను. 1930ల నాఁటికి ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థవారు కుండీమంటికిఁ గొలత నేర్పఱిచిరి: తోఁటమన్ను 7 పాళ్లు, పీటు 3 పాళ్లు, ఇసుక 2 పాళ్లు. పీటు బురదనేలలలో వేలయేండ్లు పేరుకొన్న నాచు మొదలగువాని యవశేషము. త్రవ్వినది త్రవ్వినట్లు మఱల నేర్పడునది కాదు. కావున ఇతరుల కొలతను దెచ్చుకొనుటకంటె, మన యూరి వస్తువులను దెలిసికొనుట మేలు.

కుండీలోని మొక్క బంధింపఁబడిన మొక్క. నేలలోని వేరు నీటిని వెదకికొని పోఁగలదు, కుండీలోనిది పోలేదు. కుండీయడుగున నీరు కొంతమేర నిలిచియే యుండును. కుండీ యెంత కుఱుచయైన నందలి మన్ను అంత యెక్కువ భాగము తడిసియుండును. నీరు పాఱుటకై యడుగునఁ బెంకులు పొరగాఁ బేర్చుట పలువురి యాచారము. దానివలన తడిపొర పైకి జరుగునే కాని నీరు తగ్గదు. రంధ్రముపై మన్ను జాఱకుండ నొక్క పెంకు చాలును. కాల్చిన మంటికుండీ గోడ గుండ నీరు ఆవిరియై వేరు చల్లగా నుండును. నల్లని పాలిథీను సంచి యెండకుఁ గాఁగును. అందు వేరులు చుట్టలు చుట్టుకొనును. నాటునప్పుడు సంచి చిరిగి చెత్తయగును.

గోదావరీతీరమున కడియము నర్సరీలకు నదియొండ్రు కలదు. మన సీమయం దది లేదు. ఇచటివి ఎఱ్ఱనేలలు, వానలో ముఖ్యభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వీచు ఈశాన్య ఋతుపవనముల వలనఁ గలుగును. అవి తప్పినయేఁడు వేసవిలో బావులెండును. అయినను పాడిపశువుల పేడ, వేరుసెనగపొట్టు, వేపపిండి మనకుఁ గొఱత లేదు. కొబ్బరిపొట్టును ఉప్పు పోవునట్లు కడిగి కలిపినచో నీటిని బట్టియుంచును. చెఱువుకట్టలను, పొలములను గోసి మన్ను తెచ్చుట మాని, పొట్టును బేడను మాఁగఁబెట్టి మన్నుగాఁ జేసికొనుటయే మన యూరికిఁ దగిన త్రోవ.

కడపటి మాట పువ్వు తుదను గూర్చినది. తిరుమలయందుఁ బువ్వులన్నియు స్వామివేయను నియమముచే యాత్రికులు పూలు ముడువరు. నిర్మాల్యమును బ్రసాదముగా నొసఁగక ఆలయములోని పూలబావిలో విడుచుట యాచారమై యుండెను. 2021 సెప్టెంబరులో, ఆలయములందు వాడిన పువ్వులతోఁ జేసిన అగరువత్తులను దేవస్థానమువారు తిరుపతిలో వెలువరించిరి. ఎండిన పూలతోఁ జిత్రపటములను జేయు పనియుఁ దరువాత నారంభమైనది. వాడిన పువ్వు చెత్త కారాదను భావము పాతది. దానిని నెరవేర్చు తీరు క్రొత్తది.

కావున కుండీ మనకుఁ గ్రొత్త కాదు. క్రొత్తదైనది, నీటిని మంటిని వెలయిచ్చి కొని, వాడి పాఱవేయు నలవాటు. రంగదాసుని బావి, అనంతాళ్వారుల చెఱువు, శాసనములలోని మాలి జీవనము, అంకురార్పణమునఁ బూజించి తెచ్చు పిడికెఁడు మన్ను — ఇవన్నియు నొక్కటే చెప్పుచున్నవి. పువ్వును గోరువాఁడు ముందు నీటికి, మంటికి, పనివానికి ఋణపడియున్నాఁడు. పాఠశాలలందు తులసికోటకు నీరు పోయు బాలురకుఁ బండితులు ఈ ఋణమును దెలుపుదురేని, కరవు సీమలోఁ బూచు ప్రతి కుండీయు నొక చిన్న నందనవనమే యగును.